ఇరవై ఏడో గుక్క

ఇత్తోను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో సుత్తి ఉంది.

మా మిదెల్త్ కొండ ఊరి ఆరోగ్య కేంద్రంలో ప్రతి గురువారం పొద్దున షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి ఏం తినాలో, ఎలా బతకాలో చెప్పే గది అది. ఇరుకు గది, ముప్పై మంది ముసలీముతకా, కిటికీ అద్దాల మీద ఏప్రిల్ వాన. బల్ల మీద నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ నిలబడి ఉంది. రెండు కిలోల బరువు, జానెడున్నర ఎత్తు, కొన తేలిన దిమ్మ. మా ఊళ్ళో పిల్లనడగడానికి వెళ్ళినా, పురిటికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా చేత్తో పట్టుకెళ్ళేది అదే. వట్టి చేతులతో వెళితే జన్మంతా చెప్పుకుంటారు.

ఆమె కాగితం విప్పి, సుత్తెత్తి ఒక్కటిచ్చింది. దిమ్మ పొడిపొడి అయింది.

"ఇది మీ ఇంట్లో ఎన్నాళ్ళొస్తుంది?"

"రెండు వారాలు," అంది ఒకావిడ.

"అబద్ధం! నాలుగు రోజులు," అంది పక్కనే కూర్చున్న ఆవిడ తోడికోడలు.

నా నోరు ఊరుకుంటుందా? "ఆ దిమ్మ ఎక్కడ కొన్నారు నర్సమ్మా? తేమ తగిలిన సరుకు మీకంటగట్టారు. మంచి దిమ్మ అయితే ముక్కలవుతుంది గానీ ఇలా పిండి కాదు."

"మీకెలా తెలుసు?"

"ఈ ఊళ్ళో చక్కెర దిమ్మలమ్మేది నేనే."

గది గొల్లుమంది. యాపిల్ తోటలకి కాపలా కాసి కాసి ముసలివాడైన మోహా తాత చేతికర్ర నేలకేసి కొట్టి, "దొంగే నడుచుకుంటూ స్టేషన్‌కొచ్చాడ్రోయ్!" అన్నాడు.

ఆమె మాత్రం నవ్వలేదు. "అయితే నా గదికి జనాన్ని పంపిస్తున్నది మీరేనన్నమాట. చాలా థాంక్సండీ. కూర్చోండి."

కూర్చున్నాను. సన్నటి ముఖం, ఆకుపచ్చ కోటు, చేతివేళ్ళ నిండా చక్కెర పొడి. నా ఇరవై తొమ్మిదేళ్ళ బతుకులో ఒక మనిషి చేతికంటిన చక్కెర వైపు అలా చూడటం అదే మొదలు. రోజూ తూకం వేసేవాణ్ణి నేను.

నేను వెళ్ళింది నాన్న కోసం. మా నాన్న హద్దూ పేరు చెబితే మిదెల్త్‌లో పసిపిల్లలు కూడా కెటిల్ ఎత్తి పోస్తున్నట్టు చెయ్యి పైకెత్తుతారు. నలభై ఏళ్ళుగా ఏ పెళ్ళయినా, ఏ చావయినా, ఏ ఇంట్లో పదిమంది చేరినా టీ కలిపేది ఆయనే. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పిలవకపోతే మాత్రం నెల్లాళ్ళు అలుగుతాడు. పక్కన కుంపటి, ముందు పళ్ళెం, చేతిలో బుల్లి ఇత్తడి సుత్తి. ఆయన దిమ్మ నుంచి ముక్క రాల్చి కెటిల్లో వేస్తుంటే గదిలో మాటలు ఆగిపోయేవి.

ఇత్తో నాన్న వేలు గుచ్చింది. షుగరు మూడు వందల పది. బీపీ నూట డెబ్భై.

"హద్దూ బాబాయ్, రోజుకి ఎన్ని గ్లాసుల టీ?"

"నేను టీ తాగను తల్లీ."

"బాబాయ్..."

"దేవుడి తోడు. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి గ్లాసుడు టీ తాగలేదు. అడుగు వీళ్ళని."

గదంతా అవునంది. మోహా తాతయితే గుండె మీద చెయ్యి వేసుకుని సాక్ష్యం చెప్పాడు. "పోసేది వాడు, తాగి చచ్చేది మేం."

ఆమె నమ్మలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న అబద్ధం ఆడడు. ఆమె ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "మీ నాన్న నోట్లోకి వెళ్ళిన ప్రతీదీ ఇందులో రాయండి. గురువారం గురువారం పట్రండి," అంది.

"అబద్ధాలు రాస్తేనో?"

"రక్తం నిజం చెబుతుంది లెండి."

* * *

రాశాను. పొద్దున రొట్టె ఒకటి, ఆలివ్ కాయలు పది. మధ్యాహ్నం రొట్టె ఒకటిన్నర, మాంసం కూర. ఆమె ఎర్ర పెన్నుతో పక్కన రాసేది: "ఆలివ్ కాయలు రాత్రంతా నీళ్ళలో వేసి ఉప్పు తియ్యాలి. రొట్టె సగం. గోధుమ కాదు, బార్లీ."

మూడో వారం నాకు కొంచెం తెగింపొచ్చింది. కింద చిన్నగా రాశాను: "బార్లీ రొట్టె తిన్నారు. తిట్టారు. ఆకుపచ్చ కోటు బాగుంటుంది."

గురువారం ఎర్ర పెన్ను వచ్చింది: "తిట్టడం బీపీకి మంచిది కాదు. కోటు సంగతి ఈ పుస్తకంలో రాయకూడదు."

"మరి ఏ పుస్తకంలో రాయాలి?"

"ఏ పుస్తకంలోనూ వద్దు."

కానీ ఆ తర్వాత నాలుగు గురువారాలూ ఆ కోటే వేసుకొచ్చింది. ఎండాకాలం వస్తోంది, కోటు అవసరమే లేదు. ఆ మాట అనలేదు. అంత వెర్రివాణ్ణి కాదు నేను.

ఆదివారాలు ఆమె తన పేషెంట్లందర్నీ తోటల దారిన నడిపించేది. నేను షాపు మూసి నాన్నకి తోడు వెళ్ళేవాణ్ణి. ఆయన మోహా తాతతో ముందు నడిచేవాడు. నేను ఎందుకో ఎప్పుడూ వెనకబడేవాణ్ణి.

"మీకూ షుగరుందా? ఇంత నెమ్మదిగా నడుస్తారేం?" అనేది ఇత్తో.

"లేదు. కాలు కొంచెం బరువు."

"ఏ కాలు?"

"మీరు పక్కనుంటే రెండూ."

"చక్కెరమ్ముకునేవాళ్ళ మాటలిలాగే ఉంటాయి కాబోలు," అని పక్కకు తిరిగి నవ్వింది.

ఒకసారి దారిలో వాన పట్టుకుంది. నా సంచిలో దిమ్మలకి చుట్టే నీలం కాగితం ఉంటే ఆమె నెత్తి మీద పట్టాను. ఆ కాగితం రంగు కారుతుందని ఊరందరికీ తెలుసు, నాకు మరీ బాగా తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు. కేంద్రానికి చేరేసరికి ఇత్తో నుదురూ ముక్కూ నీలమయ్యాయి. మూడు రోజులు పోలేదట.

"ఇత్తో వాళ్ళమ్మ తూదా మా ఇంటికొచ్చి నన్నడిగింది," అన్నాడు మోహా తాత. "మా పిల్ల ముఖానికి సిరా పూసిన వెధవ ఎవడని. నువ్వేనని చెప్పాలా వద్దా?"

అన్నీ సరదాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. నాన్న షుగరు దిగలేదు. రొట్టె సగం చేశాడు, మందులు వేసుకున్నాడు, నడిచాడు. ఆగస్టు వచ్చినా రెండు వందల ఎనభై. ఇత్తో బుక్కు తిరగేసి తిరగేసి చూసేది. "ఎక్కడో కారుతోంది మీమూన్ గారూ. నాకు దొరకట్లేదు. ఇలాగే పోతే కళ్ళో, కాళ్ళో పోతాయి. మీకు భయంగా లేదా?"

భయంగానే ఉండేది. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. అక్క ఫద్మాకి పెళ్ళయి పక్క వీధిలో ఉంటోంది. సాయంత్రం షాపు మూసి వెళితే గుమ్మంలో ఆ మనిషి కూర్చుని ఉండాలి, అంతే నాకు కావలసింది.

* * *

అక్టోబర్‌లో మోహా తాత మనవరాలి పెళ్ళి. ఆడవాళ్ళు లోపలి గదిలో, మగవాళ్ళు హాల్లో, మధ్య తలుపు తెరిచి ఉంది. నాన్న కుంపటి పక్కన కాలు చాపుకుని కూర్చుని టీ కలుపుతున్నాడు. రెండు వందల మందికి కెటిల్ తర్వాత కెటిల్.

తలుపవతల ఇత్తో గడపకి ఆనుకుని కూర్చుంది. నావైపు చూస్తుందేమోనని నేను నాలుగుసార్లు చూశాను. చూడలేదు. నాన్న వైపే చూస్తోంది. ఒళ్ళో బాదం పప్పులు. ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకుంటోంది.

నాన్న కెటిల్ నుంచి కొంచెం గ్లాసులో పోసుకున్నాడు, ఒక గుక్క తాగాడు, మిగిలింది తిరిగి కెటిల్లో పోశాడు. తల అడ్డంగా ఊపాడు. ముక్క చక్కెర వేశాడు. మళ్ళీ పోసుకున్నాడు, మళ్ళీ గుక్క. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను. టీ కలిపేవాడు రుచి చూడకుండా ఎలా పోస్తాడు? చూడకుండా పోస్తే అతిథికి అవమానం. అది తాగడమని మా ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదు. ఆయనకీ తట్టలేదు.

"ఇరవై ఆరు!"

ఇత్తో లేచి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. "హద్దూ బాబాయ్, ఇరవై ఆరు గుక్కలు! దొరికింది! రుచి చూస్తూ చూస్తూ అయిదారు గ్లాసుల పాకం తాగేస్తున్నావు నువ్వు!"

హాల్లోంచి ఎవడో అన్నాడు. "అయ్య బాబోయ్, నలభై ఏళ్ళుగా మన కెటిల్లోంచి దొంగతనమా!" అందరూ పడీపడీ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, పెళ్ళింటి నవ్వే.

నాన్న నవ్వలేదు. చేతిలో సుత్తి పళ్ళెంలో పెట్టాడు. మరుగుతున్న కెటిల్ అలాగే వదిలేసి లేచాడు. ఆయన వెనకే నేను. ఇంటికి చేరాం. గుమ్మంలో ఆగి, "దొంగనట్రా నేను?" అన్నాడు.

"సరదాకన్నారు నాన్నా."

"టీ తాగనని దేవుడి మీద ఒట్టేశాను నేను. అబద్ధాలకోరునయ్యానా ఇప్పుడు?"

ఆ గురువారం ఆయన ఆరోగ్య కేంద్రానికి రానన్నాడు. ఆ తర్వాతా రానన్నాడు.

* * *

పెళ్ళయిన రెండు రోజుల తర్వాత ఇత్తో నా షాపుకొచ్చింది. నాలుగు గోడలా చక్కెర దిమ్మలే. ఆమె వాటి మధ్య ముడుచుకుని నిలబడింది.

"తప్పు చేశాను. అది ఆయన చెవిలో చెప్పాల్సిన మాట. ఆర్నెల్లుగా వెతుకుతున్నది దొరికిందన్న సంబరంలో నోరు జారాను. ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకుంటాను."

"అక్కర్లేదు. మీ లెక్క మీరు గెలిచారుగా."

"అలా అనకండి."

"ఎలా అనాలి? రెండు వందల మంది ముందు మా నాన్నని దొంగని చేశారు. ఆయనకి మిగిలింది ఆ పళ్ళెం ఒక్కటే. అదీ లాక్కున్నారు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కదల్లేదు. "ఒక్కటి చెప్పి పోతాను. ఆ రోజు ఆయన ఎడమ కాలు కుంపటికి ఆనుకుని ఉంది. మేజోడు కమిలి పొగొచ్చింది. ఆయన కాలు తీసుకోలేదు. అంటే కాలికి సెగ తెలియట్లేదు. షుగరు ముదిరితే అంతే. ఇవాళే మేజోడు విప్పి చూడండి."

"చూశాను. ఏం లేదు."

"నిజంగా చూశారా?"

"మా నాన్న కాలి సంగతి నాకు తెలీదా? వెళ్ళండి."

చూడలేదు. అబద్ధం. కోపంలో నోటికొచ్చింది అనేశాను.

ఆ సాయంత్రం మాత్రం చూశాను. నాన్న ఎడమ మేజోడు బొటనవేలి దగ్గర గోధుమరంగు మరక. "ఏంటది?" అన్నాను. "బూటు కరిచింది, తోలు ఊడింది. పోరా," అన్నాడు. ఇంకో మాట అడగలేదు. మేజోడు విప్పితే ఆమె అన్నది నిజమవుతుంది. నాకు అది ఇష్టం లేదు. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏమైనా ఉంటే బాగుండేది, లేదు.

మూడు వారాలకి వాసన వచ్చింది.

* * *

మెక్నెస్ పెద్దాసుపత్రిలో నాన్న కాలు మోకాలి కింద దాకా తీసేశారు.

ఇత్తో ప్రతి ఆదివారం నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చేది. మొదటి రోజు గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న చూసి, మంచం మీద నుంచే చెయ్యి ఊపాడు.

"రా తల్లీ. నువ్వు లెక్క తప్పావు."

ఆమెకి అర్థం కాలేదు.

"ఇరవై ఆరు కాదు. ఇరవై ఏడు. నువ్వొచ్చి కూర్చోకముందు ఒకటి తాగాను. మొదటి కెటిల్."

ఇత్తో ఆయన చేతి మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ నాకేసి చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇంటికి తెచ్చాక వారానికి మూడుసార్లు కట్టు మార్చడానికి వచ్చేది. ఇప్పుడు ఆయన ఆమె ఏది చెబితే అది చేశాడు. ఉప్పు తగ్గించాడు, బార్లీ రొట్టె తిన్నాడు. షుగరు నూట యాభైకి దిగింది. ఎక్కడికీ వెళ్ళడు, ఏమీ కలపడు, ఎక్కడ తాగుతాడు?

"కొలత పెట్టి పోయొచ్చుగా బాబాయ్," అంది ఒకరోజు. "ఇన్ని నీళ్ళకి ఇంత చక్కెర అని. రుచి చూడక్కర్లేదు."

"కొలత పెట్టి పోసేది మందు తల్లీ. టీ కాదు."

కట్టు కడుతూ ఆమె ఎప్పుడూ ఒకే మాట అనేది. "ఆ రోజు నేనే వచ్చి చూడాల్సింది. మీమూన్ గారు చూశారు, కనబడలేదు. ఆ మొదట్లో మామూలు కంటికి కనబడదు. నాకు కనబడేది. నేను ఊరుకున్నాను. ఈ కాలు నా పాపమే."

నేను అక్కడే ఉండేవాణ్ణి, కత్తెర అందిస్తూ, నీళ్ళు పడుతూ. ఒక్కసారి నోరు విప్పితే చాలు. విప్పితే ఇక ఆమె ఈ గడప తొక్కదేమోనని భయం. ఆ మూడు రోజుల కోసమే బతుకుతున్నాను అప్పటికి. ఆమె కట్టు కట్టి, చేతులు కడుక్కుని, వెళ్తూ వెళ్తూ "తిన్నారా?" అని నన్నడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమె మెడకి నా బరువు కట్టాను.

నాన్నకి తెలుసు. జనవరి చివర, బయట మంచు పడుతుంటే, ఆమె వెళ్ళాక అన్నాడు. "ఒరేయ్, మేజోడు సంగతి చెప్పలేదా ఆ పిల్లకి?"

"నువ్వు బూటు కరిచిందన్నావుగా."

"అన్నాను. అబద్ధమే. నా సగం నేను దేవుడికి చెప్పుకుంటాను. నీ సగం ఆ పిల్ల చేత మోయించకు. మంచిది రా అది. నాకు కోడలైతే... సరే, ముందు నిజం చెప్పు. తర్వాత ఆ పిల్ల ఇష్టం."

"చెప్తాలే నాన్నా."

"ఎప్పుడు?"

"చెప్తాలే."

వారం తిరక్కుండా, ఒక పొద్దున రొట్టె తుంచుతూ ఆయన చెయ్యి ఆగిపోయింది. మూతి పక్కకి వాలింది. నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ఎన్నో ఏళ్ళ బీపీ, కొత్తగా దించినంత మాత్రాన పాతది చెరిగిపోదన్నారు. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు వేళకి నాన్న లేడు.

* * *

పరామర్శకి ఊరంతా వచ్చింది. వచ్చిన ప్రతి చేతిలో చక్కెర దిమ్మ. నా షాపు మూసి ఉంది కదా, ఎక్కడెక్కడి నుంచో కొనుక్కొచ్చారు. గోడ వారన పేర్చారు. డెబ్భై దాటాయి. చక్కెరతో పోయిన మనిషి ఇంట్లో నిలువెత్తు చక్కెర.

టీ కలపడానికి ఎవరూ ముందుకు రాలేదు. పళ్ళెం ఖాళీగా ఉంది. చివరికి ఫద్మా అక్క వంటింట్లో ఏదో కాచి గ్లాసుల్లో పోసి పంపింది. జనం అదే తాగారు.

చీకటి పడేముందు ఇత్తో వచ్చింది. మంచు, వాన కలిసి పడుతున్నాయి. ఆకుపచ్చ కోటు కింద ఏదో దాచుకుంది. తీస్తే దిమ్మ. నీలం కాగితం తడిసి రంగు కారి ఆమె రెండు అరచేతులూ నీలం. కాగితం మీద ఆమె అయిదు వేళ్ళ అచ్చు.

"మీరు తెచ్చారా!" అన్నాను.

"తేకుండా రావడానికి మనసొప్పలేదు. వట్టి చేతులతో వస్తే హద్దూ బాబాయ్ అలుగుతాడు." దిమ్మ నా వైపు చాపింది. "నన్ను క్షమించండి మీమూన్ గారూ. ఆ కాలు..."

అప్పుడు కూడా చెప్పలేదు. దిమ్మ అందుకున్నాను. మిగతా వాటితో పేర్చలేదు. లోపలికి తీసుకెళ్ళి నాన్న కెటిల్ పక్కన పెట్టాను.

* * *

నలభై రోజులు గడిచాయి. మా వైపు ఒక ఆచారం ఉంది. పరామర్శకి మీ ఇంటికి వచ్చిన దిమ్మ, ఏదో ఒక రోజు తెచ్చినవాళ్ళింటికి తిరిగి వెళ్ళాలి. వాళ్ళింట్లో శుభమైనా, అశుభమైనా. ఫద్మా అక్క కొత్త బట్టలు కట్టుకుని, "పద. నాన్న కోరిక కదా, పిల్లనడుగుదాం. కొత్త దిమ్మలు నాలుగు తీసుకో," అంది.

"ఒక్కటి చాలు. వేళ్ళ అచ్చున్నది."

"చావుకొచ్చింది పెళ్ళికి తీసుకెళ్తావుట్రా? పిచ్చా నీకు?"

అదే తీసుకెళ్ళాను.

ఇత్తో వాళ్ళమ్మ తూదా తలుపు తీసి, నా చేతిలో దిమ్మ చూసి, అక్క కొత్త బట్టలు చూసి, అంతా అర్థం చేసుకుని, "రండి రండి. సిరా పూసినాయన వచ్చాడే!" అని లోపలికి కేకేసింది. ఇత్తో వచ్చి తల్లి వెనక నిలబడింది. నీలం కాగితం మీద తన వేళ్ళు చూసుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి.

అక్క గొంతు సవరించుకుంది. ఆమె అడగకముందే నేనన్నాను. "అక్కా, ఆగు. తూదా అత్తా, నాదొక మాట. ఇది విన్నాక దిమ్మ తీసుకోవాలో వద్దో మీరే చెప్పండి."

చెప్పాను. చూశానన్నది అబద్ధమని. ఆ సాయంత్రం మరక కనబడిందని. కనబడీ విప్పలేదని. మూడు వారాలని. ఆమె కట్టు కడుతూ ప్రతిసారీ తన పాపమంటుంటే పక్కన కత్తెర పట్టుకుని విన్నానని. "నాన్న పోయేముందు చెప్పమన్నాడు. అప్పటికీ చెప్పలేదు. చెప్తే మీరు రారని. మీరంటే నాకు... అందుకని. ఇదీ సంగతి."

అక్క తలగుడ్డ అంచుతో నోరు మూసుకుంది. తూదా అత్త కూతురి వైపు చూసింది.

ఇత్తో ముఖంలో రంగు పోయింది. తర్వాత మెల్లగా అంది. "నాలుగు నెలలు. నాలుగు నెలలుగా నాకు నిద్ర లేదు. తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసీ!"

తల వంచుకున్నాను. చెంప మీద కొట్టినా బాగుండేది.

"అమ్మా, ఆ దిమ్మ లోపల పెట్టు. కొట్టకు, తిప్పి పంపకు." కొడితే ఒప్పుకున్నట్టు, తిప్పి పంపితే కాదన్నట్టు. నా వైపు తిరిగింది. "గురువారం రండి. నాకు చెప్పింది అక్కడ అందరికీ చెప్పండి. ఒక్క ముక్క తగ్గకుండా. తర్వాత సంగతి తర్వాత."

* * *

గురువారం. అదే గది, అదే వాన. కుర్చీలో నేను, బల్ల పక్కన ఆమె. నా ముఖం చూడటం లేదు.

"ఇవాళ మీమూన్ గారు మాట్లాడతారు," అంది.

మాట్లాడాను. ఊరివాళ్ళ ముందు, నాన్న టీ తాగి పెరిగినవాళ్ళ ముందు. మేజోడు, మరక, వాసన. "మా నాన్నకి తెలియలేదు, ఆయన కాలు మొద్దుబారింది. నాకు తెలిసింది. నేను విప్పలేదు. ఇవాళ ఇంటికెళ్ళి విప్పండి. మీ వాళ్ళవి మీరు విప్పండి. తిట్టినా విప్పండి," అన్నాను.

మూలన చేతికర్ర నేలకి ఆనిన చప్పుడు. మోహా తాత వంగుతున్నాడు. ఆయాసపడుతూ బూటు లాగాడు. మేజోడు లాగాడు. పక్కకి చూస్తూ కాలు ముందుకి చాపాడు. ఆ మనిషి నోటి నుంచి జోకు రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మడమ దగ్గర నాణెమంత పుండు. ఎర్రగా ఉంది. ఎర్రగానే ఉంది, ఇంకా నల్లబడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి తాతా?" ఇత్తో అప్పటికే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"వారం... పది రోజులేమో. పిల్లలు కంగారు పడతారని..."

"నయమవుతుంది. విన్నావా? ఇది నయమవుతుంది." వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది. "మీమూన్, ఆ గిన్నె ఇలా తే. గోరువెచ్చటి నీళ్ళు. చేత్తో చూసి పట్రా, కాలకూడదు."

మీమూన్ గారు కాదు. మీమూన్. గిన్నె పట్టుకుని వెళ్తుంటే నీళ్ళు సగం దారిలోనే ఒలికాయి.

ఆ సాయంత్రం నాన్న ఇత్తడి సుత్తి జేబులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తూదా అత్త దిమ్మ తెచ్చి పళ్ళెంలో పెట్టింది. కుంపటి దూరంగా జరిపి కూర్చున్నాను. వేళ్ళ అచ్చున్న కాగితం చింపకుండా విప్పి, మడిచి పక్కన పెట్టాను. ఒక్క దెబ్బ. తడిసింది కాగితమే, లోపల మంచి సరుకు, ముక్కలుగా విడింది. గోరంత ముక్క కెటిల్లో వేశాను. పుదీనా, చలి ఇంకా పోలేదు కదా, కాస్త చేదు మాచిపత్రి.

రుచి చూడలేదు. మొదటి గుక్క గ్లాసులో పోసి ఇత్తోకి అందించాను.

"నువ్వు చెప్పు. సరిపోయిందా?"

ఆమె తాగింది. కళ్ళు మూసుకుంది. చేదుకేమో, చెంప మీద ఒక్క నీటిచుక్క జారింది.

"నీ మీద కోపం పోలేదు," అంది.

"తెలుసు."

"ఎప్పటికి పోతుందో కూడా తెలీదు."

"పోయేదాకా నేను పోస్తుంటాను."

"ఇంకో ముక్క వెయ్యనా?" అంది తూదా అత్త పక్కనుంచి, సుత్తి అందుకోబోతూ.

"వద్దమ్మా," అంది ఇత్తో గ్లాసు కింద పెడుతూ. "ఈ గుక్కతో హద్దూ బాబాయ్ లెక్కలో ఇంకొకటి చేరింది, అంతే. చాలు. అందరికీ పొయ్యమను."

కెటిల్ ఎత్తాను. నాన్న ఎత్తినంత ఎత్తుకి నా చెయ్యి రాలేదు. సగం పళ్ళెంలో ఒలికింది. ఎవరూ నవ్వలేదు. మిగిలింది తాగారు.